పదిహేడో ఎక్కం చెప్పిన విలన్

ఆ రోజుల్లో కంప్యూటర్ అన్న మాటను తడబడకుండా పలకగలిగిన ప్రతి తెలుగువాడికీ ఏదో ఒక దేశం వీసా ఇచ్చేది. నాకు సింగపూర్ ఇచ్చింది. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కళ్ళు తిరిగి పడిపోతాయని పెద్దపెద్దవాళ్ళు భయపడుతున్న కాలం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిపెట్టారు కాబట్టి వాటన్నిటినీ వెతికి పట్టుకుని నాలుగంకెలు చెయ్యడం మా ఉద్యోగం. అలా ఒక బ్యాంకు లెక్కలు తప్పిపోకుండా చూసే బాధ్యతను ఇరవై నాలుగేళ్ళ నా చేతుల్లో పెట్టారు. (ఆ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది. అందులో నా గొప్పతనం ఏమీ లేదు.) ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, అంకెలు సరిచెయ్యడానికి విమానం ఎక్కించి తీసుకొచ్చిన మనిషి, మూడు వందల మంది ముందు ఒక అంకె తప్పు చెప్పి పేరు తెచ్చుకున్న కథ ఇది.

మేం నలుగురం యీషున్‌లో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఫ్లాట్ ఏడో అంతస్తులో. లిఫ్ట్ మాత్రం ఐదులోనూ తొమ్మిదిలోనూ ఆగేది. ఐదులో దిగి పైకెక్కడం మేలా, తొమ్మిదిలో దిగి కిందికి రావడం మేలా అన్న విషయం మీద మా ఇంట్లో రోజూ చర్చ జరిగేది. భీమవరం నుంచి వచ్చిన ఒకడు ఉండేవాడు, అందరినీ బావా అని పిలుస్తాడు కాబట్టి వాడి పేరే బావ అయింది. "ఎక్కడం మన వల్ల కాదు బావా, దిగడవంటే ఎంతైనా దిగుతాం" అని వాడెప్పుడూ తొమ్మిది వైపే ఉండేవాడు. ఒక శనివారం పొద్దున్న వాడి మాట విని తొమ్మిదో నంబరు నొక్కాను. ఆరుకీ ఏడుకీ మధ్య లిఫ్ట్ ఆగిపోయింది. అంటే సరిగ్గా మా ఇంటి గుమ్మం పక్కనే, గోడకి ఇవతల, ఇనప పెట్టెలో ఒక్కణ్ణే ఇరుక్కుపోయాను.

ఇక్కడ నా ముఖం గురించి కొంచెం చెప్పాలి. కలిసిపోయిన కనుబొమలు, మా తాత దగ్గర్నుంచి వచ్చిన మీసం, అవసరానికి మించిన కళ్ళు. ఇవి అలా ఉన్నా పర్లేదు. చిక్కేమిటంటే, భయం వేస్తే నా ముఖానికి భయపడటం చేతకాదు. ముక్కుపుటాలు అదురుతాయి, కళ్ళు ఎర్రబడతాయి, చూసేవాళ్ళకి వీడు ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఎవర్నో కొట్టబోతున్నాడనిపిస్తుంది. ఇంటర్ పరీక్షల్లో నన్ను చూసి ఇన్విజిలేటర్లు పక్కకి తప్పుకునేవాళ్ళు. "వీడు పుట్టేటప్పుడే దేవుడితో తగూ పెట్టుకుని వచ్చినట్టున్నాడు" అని మా అమ్మ అనేది. నిజానికి నేను బొద్దింకకి కూడా దారి ఇచ్చే మనిషిని.

నలభై నిమిషాల తరవాత లిఫ్ట్ కుదుపుతో కదిలి, తొమ్మిదికి కాస్త కిందుగా వచ్చి ఆగింది. ఆ ఇనప తలుపుల మధ్య ఒక కమ్మీ దూరింది. తలుపులు తెరుచుకున్నాయి. నీలం చొక్కా, చెవి మీద పెన్సిలు, యాభైకి దగ్గరపడ్డ నల్లటి మనిషి ఒకాయన కిందికి వంగి చూశాడు. నేను భయంతో చచ్చిపోతూ ఆయన్ని చూశాను. ఆయన నన్ను బయటికి లాగలేదు. అలాగే చూస్తూ ఉండిపోయాడు. తరవాత నెమ్మదిగా, "తంబీ, కదలకు. అదే ముఖం అలాగే ఉంచు" అన్నాడు. రెండు చేతుల వేళ్ళతో చట్రం కట్టి అందులోంచి చూశాడు. "రెండేళ్ళుగా వెతుకుతున్నా ఈ ముఖం కోసం లా!"

లిఫ్టులు బాగుచేసే ఆ అన్న, అంటే మా లిఫ్టన్న, సింగపూర్‌లోనే పుట్టిన తమిళుడు. వారానికి ఆరు రోజులు లిఫ్టులు బాగుచేసేవాడు, ఏడో రోజు సినిమా తీసేవాడు. నాలుగేళ్ళుగా ఆదివారం ఆదివారం తీసుకుంటూ వస్తున్న తమిళ యాక్షన్ సినిమా అది. తండ్రిని చంపిన ముఠా మీద ఒక కూలీ కొడుకు పగ తీర్చుకోవడం కథ. హీరో వేషం ఓడల మరమ్మతు యార్డులో పనిచేసే ఒక వెల్డరుది. హీరో తల్లి వేషం లిఫ్టన్న సొంత తల్లిది. ఆవిడ లిటిల్ ఇండియాలో పూలు కట్టి అమ్మేది. విలన్ మాత్రం దొరకలేదు. దొరికిన ఇద్దరిలో ఒకడికి పెళ్ళయి పెళ్ళాం వద్దందట, రెండోవాడు లావెక్కి, ముఖంలో దయ వచ్చేసిందట. ఇప్పుడు లిఫ్ట్‌లో నేను దొరికాను. (ఆయనకి తమిళం, నాకు తెలుగు, మధ్యలో ఇద్దరికీ సరిగ్గా రాని ఇంగ్లీషు. ఆయన మాటల్ని నాకు గుర్తున్నంతలో తెలుగులో చెబుతున్నాను. చివరి 'లా'లు మాత్రం ఆయనవే, సింగపూర్‌వాళ్ళ మాటలు అలాగే ముగుస్తాయి.)

"అన్నా, నాకు తమిళం రాదు" అన్నాను. ఆయన నవ్వాడు. "తమిళం ఎవరడిగారు? చెన్నైకి బొంబాయి నుంచి వచ్చే హీరోయిన్లకి తమిళం వస్తుందా? వన్ టూ త్రీ ఫోర్ అంటారు, ఏడుస్తారు, వెళ్ళిపోతారు. మాటలు తరవాత వేరేవాళ్ళు డబ్బింగ్ చెప్తారు. నువ్వు నోరు కదుపు, కోపంగా చూడు. చాలు లా." ఇంటికొచ్చి చెబితే బావ ఎగిరి గంతేశాడు. "ఒప్పేసుకో బావా! నీ ముఖానికి ఈ జన్మలో ఇంకెవడూ పని చెప్పడు, ఆయ్!" అన్నాడు. ఒప్పేసుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో సినిమా అంటే కాదనేవాడు తెలుగువాడే కాదు.

మొదటి ఆదివారం షూటింగ్ మా బ్లాకు కింద, పెళ్ళిళ్ళకీ చావులకీ వాడే ఖాళీ స్థలంలో జరిగింది. లిఫ్టన్న అనుమతి కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తాయెత్తులా మెడలో వేసుకుని తిరిగేవాడు. నేను హీరో కాలర్ పట్టుకుని బెదిరించాలి. "యాక్షన్" అనగానే కళ్ళెర్రజేసి "వన్! టూ! త్రీ! ఫోర్!" అని అరిచాను. లిఫ్టన్న కట్ చెప్పాడు. "తంబీ, ఇది స్కూల్లో ఎక్సర్‌సైజ్ లాగా ఉంది లా. పొడుగ్గా, ఊపిరి పట్టి, ఒకదాని మీద ఒకటి ఎక్కేలాగా ఏమైనా ఉందా నీ దగ్గర?"

నాకు తడుముకోకుండా, ఆపకుండా, ఆవేశంగా చెప్పడానికి వచ్చింది లోకంలో ఒక్కటే ఉంది. ఎక్కాలు. మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు చింతబరికె పట్టుకుని పక్కన నిలబడితే గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పినవి. హీరో కాలర్ మళ్ళీ పట్టుకున్నాను. "పన్నెండు ఒకట్ల పన్నెండు! పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు! పన్నెండు మూళ్ళు ముప్ఫై ఆరు!" వెల్డరు నిజంగానే ఒకడుగు వెనక్కి వేశాడు. లిఫ్టన్న కెమెరా పక్కనుంచి పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నాడు. "ఏమన్నావో తెలీదు. కానీ నాకే భయమేసింది లా!"

అక్కణ్ణుంచి మా సినిమాలో విలనీకి ఒక పద్ధతి ఏర్పడింది. మామూలు బెదిరింపుకి పన్నెండో ఎక్కం. కిడ్నాప్‌కి పదమూడు. అనుచరుల్ని తిట్టడానికి పధ్నాలుగు. హీరో తల్లి ముందు వెకిలిగా నవ్వడానికి పదిహేను (అది సుళువు కాబట్టి మధ్యలో నవ్వడానికి తీరిక ఉంటుంది). ఆఖరి పోరాటానికి మాత్రం పదిహేడు అట్టేపెట్టాను. ఎందుకంటే పదిహేడో ఎక్కమంటే నాకు చిన్నప్పుడు ప్రాణాలు పోయేవి. భయమేస్తే కోపంగా కనిపించే ముఖానికి, అన్నిటికంటే భయమేసే ఎక్కం. ఇంతకంటే గొప్ప నటన నా వల్ల కాదు. వారమంతా వరండాలో నడుస్తూ సాధన చేసేవాణ్ణి. మా పై అంతస్తులో విజయవాడలో లెక్కల టీచరుగా రిటైరై కూతురి దగ్గరికి వచ్చిన ఆంటీ ఒకావిడ ఉండేది. ప్రతి శనివారం చుట్టుపక్కల తెలుగు పిల్లలందరినీ బ్లాకు కింద కూర్చోబెట్టి ఎక్కాలు నేర్పేది. నా సాధన విని ఒకరోజు పైనుంచి తొంగి చూసి, "బాగుంది నాయనా, ఇప్పుడు కింద నుంచి పైకి చెప్పు" అంది. ఆవిణ్ణి చూస్తే నాకు విలన్ ముఖం తనంతట తనే వచ్చేసేది.

ఆఖరి పోరాటం యీషున్‌లోనే ఒక కార్ పార్కు మేడ మీద తీశారు. నా ముఖం దగ్గరగా తీసేవన్నీ ఒక ఆదివారం, హీరో గుద్దులన్నీ ఇంకో ఆదివారం. నేను ఎండలో, మేడ అంచున, కిందికి చూడకుండా పదిహేడో ఎక్కం మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పాను. అప్పట్లో ఎవరూ ఏమీ అనలేదు. వింటున్నవాళ్ళంతా తమిళులు, వాళ్ళ దృష్టంతా నా మీసం మీద ఉంది. షూటింగులో మన గొంతు కూడా రికార్డు చేసి ఉంచుతారు. డబ్బింగ్ చెప్పేవాళ్ళకి దారి తెలియడానికి.

నాకు డబ్బింగ్ చెప్పినాయన రేడియో నాటకాల్లో పండిపోయిన పెద్దాయన, సింహం గొంతు. పన్నెండు నుంచి పదిహేను దాకా ఎలాగో నా పెదవులకి తమిళం అతికించాడు. పదిహేడు దగ్గర ఆగిపోయాడు. మిగతా ఎక్కాలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి, ఇది మాత్రం మొత్తం తెర నిండా నా నోరే. ప్రతి ముక్కా 'ప'తోనే మొదలవుతుంది కదా, నోరు మూసి తెరిచే చోట సరైన మాట పడాలని లిఫ్టన్న పది వాక్యాలు రాశాడు, పదీ "పావీ!" అనే మొదలవుతాయి. పాపీ అని అర్థం. అయిదో పావీ దగ్గర పెద్దాయన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "ఇది డైలాగా, జపమా?" అని వెళ్ళిపోయాడట. రాలేదు మళ్ళీ. "మరి ఇప్పుడెలా అన్నా?" అని నేను కంగారుపడితే, లిఫ్టన్న అటువైపు తిరిగి, "సెటిల్ చేస్తా లా" అన్నాడు. నమ్మాను.

అప్పటికి ఆయనకి మిగిలింది ఒక్క ఆట. ఊళ్ళో ఒక పాత థియేటర్ మేనేజరు, ముక్కు మీదికి కళ్ళద్దాలు జారిన చైనీస్ అంకుల్, ఒక ఆదివారం ఉదయం పది గంటల ఆట ఇచ్చాడు. హాలు నిండితే వారం రోజులు ఆడిస్తాడు. నిండకపోతే రీళ్ళ డబ్బాలు ఇంటికి తీసుకుపోవడమే. నాలుగేళ్ళ ఆదివారాలు, ఒక్క ఆదివారం ఉదయం మీద ఆధారపడ్డాయి. లిఫ్టన్న ఆ వారమంతా సరిగ్గా తినలేదు. తన తల్లికి మాత్రం, "అమ్మా, వారం కాదు, నెల ఆడుతుంది" అని చెప్పి పెట్టాడు. ఆవిడ లిటిల్ ఇండియాలో పూలు కొన్న ప్రతి మనిషికీ మూరతో పాటు సినిమా సంగతి కూడా కొలిచి ఇచ్చింది. అది విని నాకు సినిమా గురించి మొదటిసారి భయమేసింది. సినిమా పోతే పోయేది నా పరువు కాదు, ఆవిడ మాట.

మూడు వందల సీట్లు. లిఫ్టన్న వైపు నుంచి వెల్డరు స్నేహితులు, యార్డు కూలీలు కంపెనీ లారీలో వస్తామన్నారు. నేనూ బావా యీషున్ నుంచి వుడ్‌ల్యాండ్స్ దాకా తెలుగువాళ్ళున్న ప్రతి తలుపూ తట్టాం. లెక్కల ఆంటీ తన శనివారం తరగతినంతా తీసుకొస్తానంది. "నువ్వు విలనా? పిల్లలకి మంచిదే, చెడ్డవాళ్ళు ఎలా ఉంటారో తెలుస్తుంది" అని కూడా అంది. ఆదివారం పది గంటలయ్యేసరికి హాల్లో ఉన్నది నూట ఇరవై మంది. లారీ జాడ లేదు. మన తెలుగువాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, పది గంటల ఆటంటే పదింటికి స్నానానికి లేస్తారు. పదీ పావుకి మేనేజరు వచ్చి హాలు చూస్తానన్నాడు. లిఫ్టన్న గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళూ ఊరందరినీ పైకి తీసుకెళ్ళిన మనిషిని అలా నేల మీద చూడటం నా వల్ల కాలేదు.

ఆపద సమయంలో బావ బుర్ర పనిచేసింది. పక్క వీధిలోకి పరిగెత్తి రెండు పెద్ద సంచుల నిండా టిష్యూ పొట్లాలు పట్టుకొచ్చాడు. సింగపూర్‌లో తిండి కేంద్రాల్లో బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పెట్టి పోతే ఆ చోటు మనదే. దాన్ని 'చోప్' చెయ్యడం అంటారు. ఆకలితో కళ్ళు తిరుగుతున్నవాడు కూడా ఆ పొట్లాన్ని ముట్టుకోడు. మనిషినైనా జరగమంటారు గానీ, పొట్లాన్ని జరపరు. నేనూ బావా వరసల వెంట పరిగెత్తుతూ ఖాళీగా ఉన్న ప్రతి సీటు మీదా ఒక పొట్లం పెట్టాం. ఆఖరి వరసలో ఆఖరి పొట్లం పెడుతుండగా మేనేజరు టార్చిలైటుతో లోపలికొచ్చాడు. ఒక్కో వరస మీదా వెలుగు వేసుకుంటూ పోయాడు. పొట్లం, పొట్లం, పొట్లం. "వా, అంతా చోప్ చేసేశారా? మనుషులేరి?" అన్నాడు. "మకాన్, అంకుల్. తినడానికి వెళ్ళారు" అన్నాను. భయంతో నా ముఖం ఎలా మారి ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. ఆయన నన్ను ఎగాదిగా చూసి రెండడుగులు వెనక్కి వేసి, "ఓకే ఓకే, పదిహేను నిమిషాలు ఆగుతా. తిననీ" అన్నాడు. జీవితంలో మొదటిసారి నా ముఖం నాకు పనికొచ్చింది.

పన్నెండో నిమిషంలో లారీ వచ్చింది. యూనిఫారాల్లోనే దిగారు కూలీలు, ఆదివారం పని మధ్యలోంచి వచ్చారు. వాళ్ళ వెనకే తడి జుట్లతో మన తెలుగువాళ్ళు, చేతుల్లో సగం తిన్న పూరీలతో. ప్రతి సీటూ నిండింది. పొట్లాలు అందరూ జేబుల్లో పెట్టుకున్నారు. బొమ్మ పడింది. లిఫ్టన్న మాత్రం లోపలికి రాలేదు. చూడలేనని బయట వరండాలో ఉండిపోయాడు.

సినిమా బాగానే నడిచింది. నేను తెర మీదికి రాగానే మన వరసల్లోంచి ఈలలు. నా నోట్లోంచి సింహం గర్జిస్తుంటే నాకే గర్వంగా ఉంది. ఆఖరి పోరాటం వచ్చింది. కార్ పార్కు మేడ, ఎండ, నా ఎర్రటి కళ్ళు తెర నిండా. రెండు గంటలు సింహంలా గర్జించిన విలన్ నోరు తెరిచి, ముక్కుతో మాట్లాడే నా సొంత గొంతుతో, అచ్చ తెలుగులో అన్నాడు: "పదిహేడు ఒకట్ల పదిహేడు!"

లిఫ్టన్న సెటిల్ చెయ్యడమంటే ఇదన్నమాట. షూటింగులో రికార్డయిన నా గొంతునే అలాగే ఉంచేశాడు. నేను సీట్లో కిందికి జారాను. తెర మీద విలన్ హీరోని ఒక్కటి కొట్టి, "పదిహేడు రెళ్ళు ముప్ఫై నాలుగు!" అన్నాడు. ముందు మన వరసల్లో కిసుక్కుమన్నారు. నా పక్కన బావ నోట్లో రుమాలు కుక్కుకుని, "సచ్చాం బావా" అన్నాడు. "పదిహేడు మూళ్ళు యాభై ఒకటి!" ఇంకో దెబ్బ. అప్పటికి తమిళ వరసల్లో కూడా కదలిక వచ్చింది. పదిహేడు వాళ్ళకీ పదినేళే, నూరు వాళ్ళకీ నూరే. ఇద్దరు కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాలుగులు, అయిదులు, ఆర్లు. సరిగ్గా చెప్పినప్పుడల్లా హీరోకి దెబ్బ పడుతోంది. హీరో మేడ అంచుకి వచ్చేశాడు. "పదిహేడు ఏళ్ళు నూట పంతొమ్మిది!" హీరో మోకాళ్ళ మీద పడ్డాడు. అప్పుడు విలన్ ఛాతీ విరుచుకుని, మూడు వందల మంది ముందు, చిన్నప్పటి నుంచీ వస్తున్న నా అలవాటు ప్రకారం అన్నాడు: "పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరు!"

"నూట ముప్ఫై ఆరు!" చీకట్లోంచి లెక్కల ఆంటీ గొంతు పిడుగులా పడింది. అదే క్షణంలో తెర మీద హీరో పిడికిలి నా దవడ మీద పడింది. ఆంటీ మనవరాలు లేచి నిలబడి, "తప్పు చెప్పాడు, అందుకే కొట్టాడు లా!" అని కేక పెట్టింది. హాలు విరిగిపడింది. తెలుగువాళ్ళు, తమిళులు, యార్డు కూలీలు, శనివారం తరగతి, అందరూ సీట్ల మీద గుద్దుతున్నారు. విలన్ తూలుతూ లేచి, "పదిహేడు తొమ్మిదులు..." అన్నాడు. జవాబు నోట్లో ఉండగానే ఇంకో గుద్దు. హాలు మొత్తం రెండు భాషల్లో ఒకేసారి జవాబు చెప్పింది. "పదిహేడు పదులు..." మళ్ళీ గుద్దు, మళ్ళీ జవాబు. ఈసారి మూడు వందల గొంతులు. విలన్ మేడ మీంచి పడిపోయాడు. నేను సీటు కింద ఉన్నాను.

నవ్వులు ఇంకా ఆగకముందే సినిమాలో ఆఖరి దృశ్యం వచ్చింది. ఒళ్ళంతా రక్తంతో హీరో ఇంటికొస్తాడు. బ్లాకు కింద పూలు కడుతూ కూర్చున్న తల్లి అతన్ని చూస్తుంది. పగ గురించి ఏమీ అడగదు. కొంగుతో నెత్తురు తుడిచి ఒక్క మాట అడుగుతుంది. "సాప్టియా?" తిన్నావా, అని. అంతే సినిమా.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఆ ఉదయం అక్కడున్న ప్రతివాడూ ఎక్కడో ఎవరో ఆ మాట అడిగితే వినాలని ఉన్నవాడే. అంతసేపూ కడుపు చెక్కలయ్యేలా నవ్వి ఎవరూ తమని కాపాడుకునే స్థితిలో లేరు. ముందు ఒక కూలీ వెక్కాడు. తరవాత ఇంకొకడు. తరవాత హాలంతా చిన్న చిన్న శబ్దాలు వినిపించాయి. జేబుల్లోంచి తీసి టిష్యూ పొట్లాలు చించుతున్న శబ్దాలు. లెక్కల ఆంటీ రెండు పొట్లాలు ఖాళీ చేసింది. నేను కూడా ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

మేనేజరు తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడట. ఆయనకి తమిళం రాదు, తెలుగు రాదు. లిఫ్టన్నని పిలిచి, "నవ్వడమూ ఉంది, ఏడవడమూ ఉంది, టిష్యూ కూడా మీరే ఇచ్చారు. వారం ఆడిస్తా" అన్నాడు. లిఫ్టన్న తల్లి దగ్గరికి నడిచి వెళ్ళి ఆవిడ పాదాలు పట్టుకున్నాడు. యార్డు కూలీలు ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. మన తెలుగువాళ్ళు నన్ను ఎత్తుకోబోయి, బరువు చూసి మానుకున్నారు. వారం అన్నది మూడు వారాలు ఆడింది. రెండో రోజు నుంచి జనం ఎక్కం చెప్పడానికే వచ్చారు. ఎనిమిదుల దగ్గర థియేటర్ పైకప్పు లేచిపోయేదట. ఆఫీసులో మాత్రం సోమవారం పొద్దున్నే మా మేనేజరు నా దగ్గరికి వచ్చి, "నువ్వు చేసిన ప్రోగ్రాములు ఇంకొక్కసారి పరీక్ష చేయిద్దామా?" అని మర్యాదగా అడిగాడు. (బావ చెప్పేశాడు.)

ఆ రోజు జనమంతా వెళ్ళాక నేను లిఫ్టన్న దగ్గరికి వెళ్ళి తలదించుకుని నిలబడ్డాను. "అన్నా, క్షమించు. నేను లెక్క తప్పు చెప్పాను. ఏదో అదృష్టం బాగుండి గుద్దు సరిగ్గా అక్కడే పడింది" అన్నాను. "అదృష్టమా? తంబీ, నీ ముఖం ఒకరోజు తీశా, గుద్దులు ఇంకోరోజు తీశా. ఏ గుద్దు ఎక్కడ పడాలో ఎవరు పెడతారు? మూడు నెలలు ఆ ఎక్కం విన్నా నేను. నిద్రలో కూడా విన్నా. నువ్వు తప్పు చెప్పావని తెలిశాకే అక్కడ గుద్దు పెట్టా." "మరి తొమ్మిదులు, పదులు? అవి సరిగ్గానే చెప్పాను కదా, అక్కడెందుకు కొట్టించావ్?" అన్నాను. ఆయన నవ్వి చెవి మీది పెన్సిలు తీసి నా నెత్తి మీద తట్టాడు. "ఒకసారి తప్పు చెప్పాక ఏ మాస్టరైనా మిగతాది వింటాడా? మా మాస్టర్ కూడా నన్ను అక్కడే కొట్టేవాడు. పదిహేడు ఎనిమిదుల దగ్గర. జనం నవ్వుతారో, నన్ను తంతారో తెలీక బయట నిలబడ్డా లా." ఆయన బడి సింగపూర్‌లో, నా బడి గుంటూరు జిల్లాలో. భాష వేరు, బెత్తం వేరు. తడబడిన చోటు మాత్రం ఒక్కటే.

చాలా ఏళ్ళయింది. లిఫ్టన్న రిటైరై తల్లి పూల కొట్టు చూసుకుంటున్నాడు. ఇంకో సినిమా తీయలేదు, "హిట్టయినాక ఆపేసినవాడే తెలివైనవాడు లా" అంటాడు. ఈమధ్య పనుండి యీషున్‌లో ఆ పాత బ్లాకుకి వెళ్ళాను. లిఫ్ట్ మార్చేశారు, ఇప్పుడు అన్ని అంతస్తుల్లోనూ ఆగుతుంది. లోపల అద్దం కూడా ఉంది. ఒక్కణ్ణే ఉన్నాను కదా అని అద్దంలోకి చూసి ఆనాటి ముఖం పెట్టడానికి ప్రయత్నించాను. మీసం తెల్లబడింది, కనుబొమలు అలసిపోయాయి. కళ్ళు పెద్దవి చేసి పదిహేడో ఎక్కం మొదలుపెట్టాను. పదిహేడు ఏళ్ళ దగ్గరికి వచ్చేసరికి తలుపులు తెరుచుకుని కూరగాయల సంచీతో ఒక చైనీస్ ఆంటీ ఎక్కింది. నన్ను చూసి జాలిగా, "అంకుల్, ఒంట్లో బాగాలేదా?" అంది. పర్లేదన్నాను. ఆవిడ దిగిపోయాక, అద్దం వైపు తిరిగి, ఇరవై నాలుగేళ్ళవాడికి వినపడేలా గట్టిగా అన్నాను: "పదిహేడు ఎనిమిదులు నూట ముప్ఫై ఆరు." సరిగ్గానే చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కనీసం గుద్దడానికి కూడా ఎవరూ లేరు.